బలిద్వీపపు నీటి కట్టుబాట్లు

వరిమడికి నీరు పెట్టుట యెఱిగిన మన రైతునకు నీటితగవు క్రొత్తది కాదు. ఎగువవాడు గండి కొట్టుకొన్నాడని దిగువవాడును, దిగువవాడు రాత్రివేళ తూము ఎత్తినాడని ఎగువవాడును మొఱపెట్టుకొనుట ప్రతి ఆయకట్టులోను వినవచ్చునదే. చదునైన పల్లపు నేలలోనే యింత చిక్కు గలిగినప్పుడు, కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన మడులలో వందలకొలది చిన్న కమతములవారు ఒక్క యేటినీటిని పంచుకొనవలసివచ్చినచో కలహములకు మేర యుండునా? అట్టిచోట సుమారు వేయి సంవత్సరములనుండి నీటిని పంచుకొని బ్రదుకుచున్న రైతులు కలరు. వారిది బలిద్వీపము. వారి కట్టుబాటు ఎట్లు పుట్టినది, ఎట్లు నిలిచినది, మన కాలమున దానికెట్టి గండములు వచ్చినవి అను విషయమును ఈ ప్రసంగమున మనవి చేయదలచితిని.

బలిద్వీపము జావాకు తూర్పున, లోంబోకునకు పడమటనున్నది. నేడు ఇండొనీషియా రిపబ్లికులో నొక రాష్ట్రము. దాని వైశాల్యము సుమారు 5,600 చదరపు కిలోమీటర్లు. అనగా 2022వ సంవత్సరమునకు ముందున్న మన శ్రీకాకుళము జిల్లాతో ఇంచుమించు సమానము. ద్వీపము నడుమ తూర్పుపడమరలుగా అగ్నిపర్వతముల వరుస గలదు. వానిలో అగుంగ్ పర్వతము 3,000 మీటర్లకు మించిన యెత్తు గలది. బతూర్ పర్వతపు పురాతన బిలమున నొక పెద్ద సరస్సున్నది. బూడిద పడిన నేల గనుక భూమి సారవంతము. కాని ఆ మెత్తని రాతిని నదులు వేలయేండ్లుగా కోసికోసి లోతైన లోయలు చేసినవి. మడులు పైనున్నవి, నీరు అడుగున నున్నది. నది ప్రక్కనే నిలిచిన రైతునకు దానిలోని నీరు అందదు.

ఈ చిక్కునకు బలి రైతులు కనుగొన్న ఉపాయమిది. పొలమునకు చాల దూరమున, నది ఇంకను ఎత్తుననున్న చోట, చిన్న ఆనకట్ట కట్టుదురు. అచ్చటినుండి నీటిని కొండకడుపున సొరంగము త్రవ్వి తెత్తురు. ఆ సొరంగములలో కొన్ని కిలోమీటరుకు మించిన పొడవు గలవి. సొరంగము దాటిన పిదప కాలువ, కాలువనుండి పిల్లకాలువలు, పిల్లకాలువనుండి మొదటి మెట్టు మడికి, దానినుండి రెండవ మెట్టునకు, ఇట్లు కొండ దిగువ వఱకు నీరు దిగుచుండును. పనిముట్లు గునపము, పాఱ మాత్రమే యైన కాలమున కొండ నిట్లు తొలిచి, వాటము తప్పకుండ నీటిని నడపుట సామాన్యమైన నేర్పు కాదు.

ఈ నేర్పు మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ. శ. 896వ సంవత్సరపు బెబెతిన్ శాసనమున సొరంగములు త్రవ్వు పనివారి ప్రసక్తి గలదు. తీర్థ ఎంపుల్ అను పుణ్యజలస్థానము 10వ శతాబ్దినాటిది. ఆ యూటనుండి నేటికిని పొలములకు నీరు పాఱుచున్నది. 11వ శతాబ్ది శాసనములలో 'కసువకన్' అను మాట కానవచ్చును. 1072వ సంవత్సరపు శాసనమొకటి అట్టి నీటిసంఘమును పేర్కొన్నది. అనక్ వుంగ్సు అను రాజు బలిని పాలించిన కాలమది. ఆ మాటయే కాలక్రమమున 'సుబక్' అయినది. మన ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున పాలంపేట రామప్పగుడిని నిర్మింపజేసిన నాటికే, అక్కడి రైతులు నీటిసంఘములు కట్టుకొని నూటనలుబది యేండ్లు దాటినవి.

సుబక్ అనగా కాలువ కాదు, గ్రామము కాదు. ఒక్క నీటిమూలము క్రింద నున్న మడుల యజమానులందఱును చేరిన సంఘము. రైతు ఏ గ్రామమున కాపురమున్నను, ఏ వర్ణమువాడైనను, అతని మడికి నీరు ఏ తూమునుండి వచ్చునో ఆ సుబకునకు అతడు సభ్యుడు. రెండు చోట్ల మడులున్నచో రెండు సుబకులలోను సభ్యుడే. ఒక్కొక్క సుబకులో సుమారు 50 మంది మొదలు 400 మంది వఱకు రైతులుందురు. ద్వీపమంతట ఇట్టి సంఘములు 1,200 వఱకు గలవని యునెస్కో వారి లెక్క. సభ్యులు తమ పెద్ద నెన్నుకొందురు. అతనిని 'పెకాసే' యందురు. సభలో బ్రాహ్మణుడైనను శూద్రుడైనను సభ్యుడు సభ్యుడే. తక్కిన సంఘజీవనమున హెచ్చుతగ్గులు మిక్కిలిగా పాటించు ఆ దేశమున, నీటి సభలో మాత్రము ఈ సమానత్వము నిలిచియుండుట గమనింపదగినది.

నీటి పంపకమునకు వారికి గడియారము గాని కొలతయంత్రము గాని అక్కఱలేదు. కాలువకు అడ్డముగా నొక దుంగను పరతురు. ఆ దుంగకు గాట్లు పెట్టుదురు. ఒక్కొక్క గాటునుండి ఒక్కొక్క పాయ సాగును. గాటు వెడల్పు ఎంతయో నీటిపాలు అంత. ఏటిలో నీరు హెచ్చినను తగ్గినను పాళ్లు మాఱవు. లాభమును నష్టమును అందఱును పంచుకొందురు. ఈ పాలునకు 'తెక్‌తెక్' అని పేరు. గాటు అందఱి కంటికిని కనబడుచుండును గనుక దొంగతనము దాగదు. పాలునుబట్టియే పనియు: కాలువ పూడిక తీయుటకు, గట్లు కట్టుటకు, ఆనకట్ట తెగినప్పుడు బాగుచేయుటకు ప్రతివాడును రావలెను, లేదా సొమ్ము చెల్లింపవలెను. నియమములను తాటియాకులపై వ్రాసి యుంచెడివారు. ఆ నియమావళిని 'అవిగ్ అవిగ్' అందురు. సభకు రానివానికి అపరాధము, నీరు దొంగిలించినవానికి మఱింత అపరాధము అందు నిర్ణయింపబడియుండును.

ఇంతవఱకు చెప్పినది ఒక్క సుబకు సంగతి. కాని ఒక్క నదిపై అనేక సుబకులు గలవు. వాని నడుమ న్యాయము చెప్పువాడెవ్వడు? ఈ ప్రశ్నకు సమాధానము దేవాలయములలో నున్నది.

బలి ప్రజల మతమునకు 'ఆగమ తీర్థ' మను నామాంతరము గలదు. అనగా తీర్థమే ప్రధానముగా గల మతము. వారి దృష్టిలో నీటిని ప్రసాదించునది బతూర్ సరస్సు నధిష్ఠించిన దేవీ దను. ధాన్యలక్ష్మి దేవీ శ్రీ. ప్రతి రైతును తన మడిలో నీరు ప్రవేశించు మూలన నొక చిన్న పూజాస్థానము నిలుపుకొనును. సుబకు మడుల తలాపున నొక గుడి. అనేక సుబకులకు కలిపి ఒక పెద్దగుడి; దానిని 'మస్చేతి' యందురు. అన్నిటికిని పైన, సరస్సు గట్టుననున్న ఉలున్ దను బతూర్ దేవాలయము. అచ్చటి ప్రధానార్చకుని 'జెరో గెదె' యందురు. పూర్వుడు గతించినప్పుడు, పూనకమునందున్న పూజారిణి చూపిన బాలుని ఆ పదవికి తెత్తురు. క్రొత్తగా కాలువ త్రవ్వదలచినను, రెండు సుబకులకు వివాదము వచ్చినను అతని సలహా అడుగుట సంప్రదాయము. 1926వ సంవత్సరమున బతూర్ అగ్నిపర్వతము ప్రేలి ఆ గ్రామమును, గుడిని కప్పివేసినది. ప్రజలు బిలము అంచుమీదికి వచ్చి గుడిని మఱల కట్టుకొనిరి. ఆ గుడి లేనిదే నీటి వ్యవస్థ లేదని వారి నిశ్చయము.

ఇక నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచిన విషయము చెప్పెదను. ఎగువవాడు దిగువవానికి నీరేల విడువవలెను? నీరు తన చేతిలో నున్నది. విడువకున్న ఆపువాడు లేడు. దేవతాభయ మొక్కటే కారణమందురా? అదియు నున్నది గాని, దానికి తోడు మఱియొక కారణము గలదు. వరిపైరునకు శత్రువులు ఎలుకలు, దోమ, పురుగు, తెగులు. ప్రక్క ప్రక్క మడులు వేర్వేరు కాలములలో నాటినచో, ఒకచోట పంట కోయగానే పురుగు పచ్చనున్న మడికి తరలిపోవును. దానికి ఆకలి యనునదే యుండదు. విశాలమైన ప్రదేశమునందలి మడులన్నియు నొకే కాలమున కోసి, ఒకే కాలమున నీటితో నింపి విరామమిచ్చినచో, తిండిలేక పురుగు నశించును. కాని అందఱు నొకే దినమున నాటవలెనన్న నీరు చాలదు. ఒకే మాఱు నాటిన కఱవు నీటికి. వేర్వేరుగా నాటిన కఱవు పంటకు. ఈ రెంటి నడుమ ఏది మేలైన మేరయో ఎంచుటయే మస్చేతి గుడిలో జరుగు సభల పని. ఎన్ని సుబకులు కలసి నాటవలెను, ఎవ్వరు ముందు, ఎవ్వ రెన్ని వారముల తరువాత అనునది 210 దినముల వారి పంచాంగమునుబట్టి, పండుగలనుబట్టి నిర్ణయింతురు.

దీనివలన ఎగువవానికి దిగువవానితో పని కలిగినది. దిగువవానికి నీటి భయము, ఎగువవానికి పురుగు భయము. దిగువవాడు నీరు లేక కాలముగాని కాలమున నాటెనా, పురుగు ఎగువకు ఎక్కివచ్చును. కావున నీరు విడిచి, అతనిని తనతోపాటు నాటనిచ్చుట ఎగువవానికే లాభము. ధర్మమును లాభమును ఒక్క త్రోవన నడచుటచేతనే ఈ కట్టుబాటు ఇంతకాలము నిలిచినదని నా నమ్మకము.

దీనిని గూర్చి చరిత్రకారులలో నొక వాదము గలదు. పెద్ద నీటిపనులు జరుగవలెనన్న నిరంకుశప్రభువు ఉండితీరవలెనని, ఆసియా రాజ్యముల నిరంకుశత్వమునకు నీటిపారుదలయే మూలమని కార్ల్ విట్‌ఫోగెల్ 1957వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున వాదించెను. బలిని పరిశీలించిన క్లిఫర్డ్ గీర్ట్జ్ 1980వ సంవత్సరమున దీనిని త్రోసిపుచ్చెను: అచ్చటి రాజులు ఉత్సవములలోను వైభవములోను మునిగియుండిరిగాని, నీటిని నడిపినవారు రైతులే యని యాతని మతము. తరువాతి పండితులు కొందఱు రాజులకును కొంత పాత్ర గలదని చూపిరి. మెంగ్వి రాజుల తమన్ అయున్ ఆలయము నీటిగుడులలో ప్రసిద్ధమైనది. పన్ను వసూలుచేయు 'సెదహన్' అను నధికారి రాజు సేవకుడు. నాకు తోచినంతవఱకు రెండు పక్షములందును సత్యము గలదు. రాజు త్రవ్వింపవచ్చును, గుడి కట్టింపవచ్చును. కాని ప్రతిదినమును గాటు తెఱచి మూయువాడు రాజు కాజాలడు.

డచ్చివారు 1849వ సంవత్సరమున ఉత్తర బలిని, 1906, 1908 సంవత్సరములలో దక్షిణ రాజ్యములను లోబఱచుకొనిరి. రాజవంశములవారు పలువురు లొంగుటకంటె చచ్చుట మేలని ఫిరంగుల కెదురునడచి మరణించిరి. డచ్చి ప్రభుత్వము భూమిశిస్తుకై పొలములను కొలిపించెను, కొన్ని నదులపై పెద్ద ఆనకట్టలు కట్టించెను. రాజులు పోయిరి, సుబకులు పోలేదు. ఈ యొక్క విషయమే పై వాదమునకు మంచి సాక్ష్యము.

అసలు గండము 1970 దశాబ్దమున వచ్చినది. ప్రజలకు తిండి చాలక విదేశములనుండి బియ్యము తెప్పించుకొను కాలమది. ఆకలి తీర్చవలెనను సదుద్దేశముతో ఇండొనీషియా ప్రభుత్వము క్రొత్తరకముల వరిని, రసాయనపు ఎరువులను, పురుగుమందులను రైతులకు అప్పుమీద ఇచ్చెను. క్రొత్త వరి త్వరలో పండును. కావున విరామము లేక ఎన్ని పంటలు వీలైన అన్ని పండింపుడని అధికారులు ప్రోత్సహించిరి. గుడి పంచాంగమును ఎవరును పాటింపనక్కఱ లేకపోయెను. 1977వ సంవత్సరము నాటికి దక్షిణ బలి మెట్టుమడులలో 70 శాతము క్రొత్తరకములతో నిండెను.

మొదట గాదెలు నిండినవి. పిదప నీటి వంతులు చెదరినవి; ఎవ్వరికి ఎప్పుడు నీరు వచ్చునో తెలియదాయెను. అన్ని కాలములందును పచ్చని పైరు ఉండుటచే సుడిదోమ విజృంభించెను. దోమకు లొంగని ఐ. ఆర్. 36 అను రకమును తెచ్చిరి. దానిని తుంగ్రో తెగులు పట్టినది. తుంగ్రోకు లొంగని మఱియొక రకమును తెచ్చిరి. దానికి వేఱొక తెగులు సోకినది. మందులు చల్లగా పురుగుతోపాటు పురుగును తిను సాలీళ్లును చచ్చినవి. 1979వ సంవత్సరమున ఆసియా అభివృద్ధి బ్యాంకు ఋణముతో క్రొత్త ఆనకట్టలును తూములును నిర్మించు పథక మారంభమయ్యెను. గుడి కట్టుబాటు దాని లెక్కలోనికి రాలేదు. కొన్నిచోట్ల అధికారులు పెట్టించిన ఇనుపతలుపులను రైతులు తొలగించుకొని, తమ గాట్లనే మఱల నిలుపుకొనిరి.

ఆ కాలమున జె. స్టీఫెన్ లాన్సింగ్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞుడు గుడులలో జరుగు నీటిసభలను పరిశీలించుచుండెను. అతడు జేమ్స్ క్రీమర్ అను జీవావరణ శాస్త్రజ్ఞునితో కలసి, ఊస్, పెతాను నదులమీది 172 సుబకులను గణితరూపమున కంప్యూటరున నిలిపి, నాటుకాలములను పలువిధముల మార్చి చూచెను. ప్రతి సుబకును తన యిచ్చవచ్చినట్లు నాటిన పంట తగ్గినది; అందఱును ఒక్కసారి నాటినను తగ్గినది. నడుమ నొక మేరయందు పంట హెచ్చినది. ఆ మేర గుడులు చిరకాలమునుండి పాటించిన ఏర్పాటునకు మిక్కిలి దగ్గఱగా నుండెను. 1986వ సంవత్సరమున ఇండొనీషియా ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందుల వాడుకను నిషేధించెను. 1988వ సంవత్సరమున బ్యాంకువారి పరిశీలనయే, పాత పద్ధతి యోగ్యతను గుర్తింపకపోవుటచే మిక్కిలి నష్టము కలిగినదని అంగీకరించెను. లాన్సింగ్ గ్రంథము 1991వ సంవత్సరమున వెలువడెను.

ఇందుచే పూర్వులు చేసినదంతయు మంచిదని, క్రొత్త విత్తనమంతయు చెడ్డదని నేననుట లేదు. ఆకలిగొన్నవానికి అధికఫలసాయము అపరాధము కాదు. బలిలో నేడు పండునదియు చాలవఱకు క్రొత్త వరియే. చేటు తెచ్చినది విత్తనము కాదు. నడుచుచున్న కట్టుబాటు ఎందులకు నడుచుచున్నదో విచారింపక దానిని ప్రక్కకు నెట్టుట.

2012వ సంవత్సరమున యునెస్కో బలి సుబకు ప్రదేశములను ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించెను. బతూర్ దేవాలయము, బతూర్ సరస్సు, పకెరిసాన్ నదీలోయ, బతుకారు పర్వతసానువులు, తమన్ అయున్ ఆలయము అను నైదు స్థలములు, మొత్తము 19,500 హెక్టారులు, అందు చేరినవి. దైవముతో, మనుజులతో, ప్రకృతితో పొందిక అను మూడు మేళ్లకు కారణమని 'త్రి హిత కరణ' మను పేర దీనిని కీర్తించిరి. ఈ సంస్కృతపదము 1960 దశాబ్దమున వాడుకలోనికి వచ్చినదని చరిత్రకారులందురు. పేరు క్రొత్తదైనను ఆచారము పాతది. ఆ 2012వ సంవత్సరముననే బలి రాష్ట్ర ప్రభుత్వము సుబకులకై ప్రత్యేకశాసనము చేసినది. ఇండొనీషియా ప్రభుత్వము అంతకుముందే, 2009వ సంవత్సరమున, పంటభూముల రక్షణకు శాసనము చేసియున్నది.

అయినను గండము గడచినదని చెప్పజాలను. పచ్చని మెట్లను చూచుటకు లోకమంతయు వచ్చుచున్నది. చూడవచ్చినవారికి బసలు కావలెను, బసలకు నేల కావలెను, నీరు కావలెను. పొలము వెల ఇంటిస్థలపు వెలతో సమానమగుటచే పన్నును పెరుగుచున్నది. పంటచే ఆ పన్ను తీర్చుట కష్టము. యువకులకు పొలములో కంటె పూటకూళ్లయింటిలో కూలి హెచ్చు. ఒక్క రైతు మడి అమ్మినచో అతనితో పోవునది ఒక్క మడి కాదు. కొండవాలున నీరు మడినుండి మడికి దిగుచుండును గదా. నడుమ గోడ లేచినచో క్రింది మడులకు త్రోవ మూతపడును. కాలువ పూడికకు ఒక మనిషి తగ్గును. సభ్యులు సగమైన సుబకు చేయవలసిన పని మాత్రము సగము కాదు. కాలువ పొడవు అంతే, సొరంగము పొడవు అంతే.

మనకును ఇందు విచారింపదగినది గలదు. మన చెఱువుల క్రింద నీరుకట్టు, నీరటికాడు అను పేర వంతులు నడుపు మనుష్యులుండిరి. చెఱువు బాగుచేయువానికి దశబంధ మాన్యమిచ్చు ఆచార ముండెను. కడపజిల్లా పోరుమామిళ్ల చెఱువుశాసనము 1369వ సంవత్సరమున మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను పేర్కొన్నది. ఆంధ్రప్రదేశములో 1997వ సంవత్సరమున నీటి వినియోగదారుల సంఘములకు శాసనము వచ్చినది. తెలంగాణములో 2015వ సంవత్సరమున 46,000కు పైగా చెఱువుల పునరుద్ధరణకై మిషన్ కాకతీయ ఆరంభమయ్యెను. పూడిక తీయుట మంచిపని. కాని తీసిన పూడిక మఱల చేరకుండ చూచుకొనువారు ఆయకట్టులో కలసి కూర్చుండనిచో ఆ పని మఱల మొదటికి వచ్చును.

కావున ఇట్టి ప్రదేశములను కాపాడుట యనగా చిత్రపటమువలె చుట్టు కంచెవేసి నిలుపుట కాదు. మూడు పనులు కావలెను. పండించువానికి పన్నుభారము పంటనుబట్టి యుండవలెను గాని స్థలపు వెలనుబట్టి కాదు. నీటి విషయమున అధికారి క్రొత్తపని తలపెట్టునపుడు సుబకు సభను ముందుగా అడుగవలెను. చూపఱులవలన వచ్చు సొమ్ములో కాలువ త్రవ్వువానికి పాలు ముట్టవలెను. ఇవి బలి రైతులు తామే కోరుచున్నవి, గొంతెమ్మకోరికలు కావు.

ఆ మెట్టుమడుల గట్లు చాలవఱకు మట్టివి. ఒక్క వానకాలము వానిని మెత్తి నిలుపువాడు లేకున్నచో జాఱిపోవును. వేయియేండ్ల వయసు గలవని మనము మెచ్చుకొనుచున్న ఆ మెట్లను ఏటేట ఎవరో ఒకరు క్రొత్తగా కట్టుచునే వచ్చిరి. రాబోవు ఏడాది కట్టువాడు ఆ పొలముననే యుండునట్లు చేయుటయే మనము రక్షణ యని పిలువదగిన పని.